పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు - వైరస్ ముప్పు

జన్యులోపం వల్ల రోగనిరోధక వ్యవస్థ సరిగా పనిచేయనివారిని సాధారణ వైరస్‌లు సైతం తీవ్రంగా, దీర్ఘకాలం పీడించే స్థితి ఇది. టి కణాలు లేని పసికందులకు రోటావైరస్, సైటోమెగలోవైరస్ ప్రాణాంతకం. 1952లో అమెరికా వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ వర్ణించిన లోపంలో యాంటీబాడీలు తయారు కావు. గొంతులో టాన్సిల్స్ దాదాపు కనిపించవు. ఈ రోగుల్లో ఎంటెరోవైరస్‌లు మెదడుకు పాకవచ్చు. పోలియో చుక్కల్లోని జీవ వైరస్ పేగుల్లో ఏళ్ళ తరబడి నిలిచి రూపు మార్చుకోగలదు. అందుకే రోగికే కాదు, ఇంట్లోని ఇతర పిల్లలకూ పోలియో ఇంజెక్షనే శ్రేయస్కరం. తెలుగునాట సాగే మేనరికాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించే లోపాల అవకాశాన్ని పెంచుతాయి. బ్రూటన్ లోపం మాత్రం ఎక్స్ క్రోమోజోమ్‌కు చెందినది. దానికి మేనరికాన్ని నిందించడం తగదు. బ్రూటన్ లోపానికి చికిత్సగా 3-4 వారాలకోసారి కిలో బరువుకు 400-600 మిల్లీగ్రాముల ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కిస్తారు.