ముత్యపుచిప్పలో వెండి: భ్రాంతివిచారంలో స్మృతి

ముత్యపుచిప్పను వెండి అనుకొని వంగినవాని ఉదాహరణ భారతీయ దర్శనాలలో శతాబ్దాల వాదానికి ఆధారమైంది. క్రీ.శ. 7వ శతాబ్ది ప్రాంతపు మీమాంసకుడు ప్రభాకరుడు ఇక్కడ కంటిని తప్పుపట్టలేదు. 'ఇది' అన్నంతవరకు ప్రత్యక్షం. 'వెండి' అన్నది స్మృతి. చిప్పకే ప్రత్యేకమైన గుర్తులమీద అవధానం నిలవదు. రెండింటికీ సమానమైన మెరుపే తోచి, పూర్వం చూసిన వెండిని మేల్కొలుపుతుంది. అయితే అది జ్ఞాపకమన్న స్పృహ జారిపోతుంది. ప్రత్యక్షానికీ స్మృతికీ గల భేదాన్ని గుర్తించకపోవడమే భ్రాంతి. ఇది అఖ్యాతివాదం.

ఇంత పట్టుదల ఎందుకు? ఒక్క జ్ఞానం అసత్యమని అంగీకరిస్తే ప్రతి జ్ఞానమూ శంకకు లోనవుతుంది. ఆ శంక వేదప్రామాణ్యం వరకూ పాకుతుంది.

నైయాయికుల ఆక్షేపణ సూటిది. భేదం తెలియకపోవడం కేవలం అభావం. అభావం మనిషిచేత చేయి చాపించలేదు. ఎదుటి వస్తువే వెండిగా కనిపించింది కనుక వాడు వంగాడు. స్మృతి చూపు పక్కన నిలవక చూపులోనే కలిసిందని వారి అన్యథాఖ్యాతివాదం. ప్రవృత్తిని వివరించడంలో వీరిదే పైచేయి.

వ్యాసభారత సభాపర్వంలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని వస్త్రాలు పైకెత్తుకొన్నాడు. ఆ తరువాత నిజమైన నీటిని నేలగా భావించి అందులో పడ్డాడు. వరుసనుబట్టి చూస్తే, మొదటి పొరపాటు జ్ఞాపకమే రెండవదానికి కారణమై ఉండవచ్చు.