మూడు నెలల ప్రణయము, ఏడాది యుద్ధము

మనకు ఋతువులు ఆరు. జపాను టెలివిజన్ వ్యాపారమునకు నాలుగే, అవియు మేఘమును, మంచును, పూతను బట్టి గాక జమాఖర్చుల పుస్తకమును బట్టి మారునవి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలలు ప్రవేశించుటతోడనే అంతవరకు నడచిన యానిమే కథలు చాల భాగము తెరమరుగై, నలువదియో ఏబదియో క్రొత్తవి ఒక్క పెట్టున ఆరంభమగును. వారమున కొక్క భాగము చొప్పున పదునొకండు మొదలు పదుమూడు భాగముల వరకు నడచి, అవియు తమ వంతు తీరగానే తొలగిపోవును. వృత్తివారు 'కూర్' అని పిలుచుకొను ఈ మూడు నెలల గడువునకు లోబడనిది నేడు అచ్చటి బొమ్మకథలలో అరుదు. మహాకాయములైన యంత్రములలో కూర్చుండి యోధులు పోరాడు మెకా కథలను, పాఠశాల మెట్లమీద మాట తడబడు పడుచువారి ప్రణయకథలను సమానమైన ఆసక్తితో చూచుచు వచ్చినవాడను గనుక, ఈ గడువు ఎట్లు పుట్టెనో, ఎవరి ధనము దానిని నిలిపెనో చెప్పుటతోపాటు, అది ప్రణయమునకు చేసిన మేలుకంటె యుద్ధకథకు చేసిన కీడే పెద్దదన్న నా పక్షమును గూడ దాచక చెప్పెదను.

ఈ వృత్తికి జన్మదినము 1963 జనవరి 1. వైద్యవిద్య నభ్యసించియు మాంగా రచనకే జీవితమును ధారపోసిన ఒసాము తెజుకా, తన ముషి ప్రొడక్షన్ సంస్థలో సిద్ధపఱచిన 'తెత్సువాన్ అటోము', అనగా లోకము 'ఆస్ట్రో బాయ్' అని యెఱిగిన యంత్రబాలుని కథ, ఆనాడు ఫ్యూజీ టెలివిజన్‌లో ప్రసారమగుట కారంభించెను. అంతకు మునుపు జపానులో బొమ్మల చలనచిత్రమనగా 1958లో తోయేయి సంస్థ తీసిన శ్వేతసర్పకథ వంటి పూర్తి నిడివి చిత్రమే. వారము వారమున అరగంట కథను గీచి యిచ్చుట మనుష్యమాత్రులకు సాధ్యము కాదని ఆ వృత్తిలో తలపండినవారు భావించిరి. తెజుకా పట్టినది పొదుపు దారి: సెకనుకు ఇరువదినాలుగు ఫ్రేములు పరుగెత్తు ఫిల్ములో ఒక్కొక్క బొమ్మను మూడేసి ఫ్రేములపాటు నిలుపుట, మొగమును కదలింపక పెదవులను మాత్రమే కదలించుట, ఒకమాఱు గీచిన ఎగురుటను పరుగును భద్రపఱచి పలుమాఱులు వాడుకొనుట. ఇంత పొదుపు చేసియు, అగు వ్యయముకంటె తక్కువ వెలకే ఆయన కథ నమ్మెను. ఆ వెల తరువాతి తరముల చిత్రకారుల కూలిని శాశ్వతముగా క్రుంగదీసెనని హయావో మియజాకి తెజుకా మరణానంతరము కటువుగా విమర్శించెను. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. అయినను దారిద్ర్యము నేర్పిన ఆ నిశ్చలత్వమునుండియే ఒక కళ పుట్టినదన్న మాటను మియజాకి అంగీకరింపకపోయినను నేను అంగీకరింతును. దానికి సాక్ష్యము ముందు వచ్చును.

వెలలోని లోటును పూడ్చినది మిఠాయి. అటోము ప్రసారమునకు పోషకులైన మేజీ కంపెనీవారు తమ చాక్లెట్టు గొట్టములతో ఆ బాలుని బొమ్మచీటీలు జతపఱచి యిచ్చిరి, పిల్లలు ఎగబడిరి. అదే ఏడాది అక్టోబరులో గ్లికో కంపెనీ పోషణలో 'తెత్సుజిన్ 28' అను దూరనియంత్రిత యంత్రము, నవంబరులో మొరినాగ కంపెనీ పోషణలో అరణ్యబాలుడు కెన్ తెరకెక్కిరి. మువ్వురు మిఠాయి వర్తకులకు మువ్వురు వీరులన్నమాట! కొనువారు పసివారు కనుక వీరులు పసివారైరి. తెత్సుజిన్ వంటి మహాయంత్రమును సైతము ఒక బాలుడే పెట్టెమీది పిడులు త్రిప్పుచు నడిపెను. అటోము కథ 1966 చివరి దినమువరకు 193 భాగములు నడచెను. మూడు నెలల గడువన్న తలంపు అప్పటికి ఎవరికిని లేదు. మిఠాయి అమ్ముడుపోవునంతకాలము కథ నడచుటయే రివాజు.

రెండవ పోషకుడు ఆటబొమ్మల వర్తకుడు. 1972 డిసెంబరులో గో నగాయ్ కల్పించిన 'మజింగర్ జెడ్' వచ్చునాటికి యంత్రయోధుని స్వభావమే మాఱిపోయెను. కోజి కబుతో అను యువకుడు యంత్రమును దూరమునుండి ఆడింపక, చిన్న విమానమెక్కి దాని శిరస్సులో ప్రవేశించి, దాని దేహమును తన దేహముగా చేసికొని పోరాడును. మెకా కథ యని నేడు మనమనునది ఇచ్చటనే పుట్టినది. 1974లో పోపీ సంస్థ ఈ యోధుని లోహపు బొమ్మను 'చోగోకిన్' పేర విపణికి దింపగా, అది విరివిగా అమ్ముడుపోయెను. అటుపిమ్మట యంత్రములు ముక్కలుగా విడివడి మరల కూడుట, క్రొత్త ఆయుధములు మొలచుట, కథ నడుమ పాతదానిని త్రోసి క్రొత్త యంత్రము వచ్చుట, ఇవన్నియు కవి కల్పనలవలె కనబడినను, ఆటబొమ్మల అంగడి కోరికలే. అంగడికి ఏడాది పొడవునా అమ్మకము కావలెను గనుక కథకును ఏడాది దక్కెను. వర్తకుని స్వార్థము కళకు అవకాశమైన సందర్భములలో ఇది యొకటి.

ఆ అవకాశమును అందరికంటె మిన్నగా వాడుకొన్నవాడు తదావో నగహామ యని నా యభిప్రాయము. ఆయన 1976లో 'కాంబాట్లర్', 1977లో 'వోల్టెస్', 1978లో 'డైమోస్' కథలను వరుసగా నిర్వహించెను. మూడును ఆటబొమ్మల కొఱకు పుట్టినవే. మూడింటిలోను వారమున కొక రాక్షసయంత్రము వచ్చి హతమగును. కాని ఆ మూస యడుగున ఆయన కుటుంబకలహమును, వారసత్వవివాదమును, శత్రువునకు గూడ దుఃఖముండునన్న యెఱుకను ప్రవేశపెట్టెను. 'డైమోస్'లో కథానాయకుడైన భూలోకపు యువకుడు శత్రుజాతి రాకుమారి ఎరికాను ప్రేమించును. నలువది నాలుగు భాగముల యుద్ధమంతయు ఆ యిద్దఱి వియోగమునకు నేపథ్యమగును. మెకాకును ప్రణయమునకును నడుమ గోడ లేదని ఇంత ముందుగా, ఇంత నిస్సంకోచముగా చాటిన కథ వేఱొకటి నాకు కనబడదు.

అదే నగహామ 1979లో యంత్రములను విడిచి, 'వెర్సాయ్ గులాబి' యను ఫ్రెంచి విప్లవకాలపు ప్రణయకథకు దర్శకుడయ్యెను. కాని తొలిభాగములు మాత్రమే నిర్వహించి తప్పుకొనగా, తరువాతి భాగములు ఒసాము దెజాకి చేతికి వచ్చెను. దెజాకి ముషి ప్రొడక్షన్‌లో అటోము కథకు పనిచేసి ఎదిగినవాడు. నేను ముందు చెప్పిన సాక్ష్యము ఈతడే. ఉద్వేగము పరాకాష్ఠ నందిన క్షణమున కదలికను పూర్తిగా ఆపి, ఆ మొగమును రంగుల పూతతో ఒక చిత్రపటముగా మార్చి నిలుపు పద్ధతిని ఆయన స్థిరపఱచెను. వ్యయమునకు వెఱచి ఆపిన బొమ్మ ఈతని చేతిలో భావమునకు వెఱచి ఆగిన బొమ్మ యయ్యెను. నేటి ప్రణయకథలలో చూపులు కలసినచోట తెర నిశ్చలమగుట చూచినప్పుడెల్ల నాకు ఆ ఋణము స్ఫురించును.

1979 ఏప్రిల్ 7న యోషియుకి తోమినో దర్శకత్వమున 'మొబైల్ సూట్ గుండం' ఆరంభమయ్యెను. పోషకులైన క్లోవర్ కంపెనీ ఆటబొమ్మలు పిల్లలకు రుచింపలేదు, ప్రేక్షకసంఖ్యయు చాలలేదు. ఏబదిరెండు భాగములకు తలపెట్టినది నలువదిమూడింటితో ముగింపబడెను. కాని మఱుప్రసారములలో అది కౌమారమును దాటుచున్న ప్రేక్షకవర్గమును పట్టుకొనెను; 1980 జూలైలో బందాయి సంస్థ మూడు వందల యెన్లకు అమ్మజూపిన ప్లాస్టిక్ నమూనాలకై కుఱ్ఱవాండ్రు దుకాణముల ముందు బారులు తీరిరి. ఈ కథ మహత్త్వము తెల్లని యంత్రమునందు లేదు. తిండియు తూటాలును కొఱవడిన ఓడ, పోరాడనొల్లక పారిపోవు బాలయోధుడు అమురో, మారిన కొడుకును చూచి జంకు తల్లి, గెలిచినవారి మంత్రాంగము, ఓడినవారి కుటుంబగౌరవము: ఇవన్నియు ఒకదానిమీద నొకటి మెల్లగా పేరుకొని, లాలా అను యువతి చివరి భాగములలో వచ్చి మరణించునాటికి, ఆ మరణము ఒక యుద్ధమంత బరువుతో మనమీద పడును. పండ్రెండు భాగములలో ఆ బరువు రాదు. నలువదిమూడే చాలలేదన్న అసంతృప్తి నాకు కలదు.

తరువాతి దశాబ్దిని త్వరగా దాటెదను. 1982లో 'మాక్రాస్' యుద్ధమును, పాటను, ముక్కోణపు ప్రేమను ఒక్క త్రాట కట్టి, గాయని మిన్‌మేయా, అధికారిణి మిసాయా యన్న వివాదమును ప్రేక్షకులకు వదలెను. నా పక్షము ఆదినుండియు మిసాదే. రుమికో తకహాషి మాంగా ఆధారముగా 1986లో మొదలైన 'మేజోన్ ఇక్కోకు' తొంబదియాఱు భాగములపాటు, ఒక వితంతువునకును ప్రవేశపరీక్ష తప్పిన ఒక విద్యార్థికిని నడుమ ప్రేమ ఋతువు వెంట ఋతువుగా ముదురుటను చూపెను. ప్రణయమునకు గూడ ఏడాదులు కావలెనని వాదించువారికి ఈ కథ గట్టి ఆధారము, దానికి సూటియైన సమాధానము నాకడ లేదు.

మూడవ పోషకుడు పెద్దవారి జేబు. 1995 అక్టోబరులో హిదెయాకి అన్నో 'ఇవాంజెలియన్' టెలివిజన్ తోక్యోలో వచ్చెను. తండ్రి ఆజ్ఞకు లోబడి యంత్రమెక్కిన షింజి యొక్క మనోవ్యథయే దాని యుద్ధరంగము. 1997లో దానిని అర్ధరాత్రివేళ మరల ప్రసారము చేయగా, నిద్ర మానుకొని చూచువారు దండిగా కలరని వర్తకులకు తెలియవచ్చెను. అప్పటికే 1996 అక్టోబరునుండి అదే కేంద్రమువారు అర్ధరాత్రి యానిమేకు దారి తీసియుండిరి. ఆ వేళలో ప్రసారసమయము చౌక. పుస్తకప్రచురణకర్త, సంగీతసంస్థ, డిస్కుల వర్తకుడు తలా కొంత సొమ్ము వేసి, నిర్మాణసమితిగా ఏర్పడి, సమయమును కొని, కథను ప్రకటనవలె ప్రసారము చేసి, రెండేసి భాగముల డిస్కును ఆఱేడువేల యెన్లకు అభిమానికి అమ్ముట ఈ క్రొత్త వ్యాపారము. ఇందు నష్టభయము ఎక్కువ గనుక పందెము చిన్నదిగా కాయవలెను. పండ్రెండు భాగములు తీసి చూచి, అమ్ముడైనచో మఱి పండ్రెండు. నేటి కూర్ యొక్క నియంతృత్వము ఈ జాగ్రత్తనుండి స్థిరపడినది.

ఇందువలన ప్రణయమునకు కలిగిన లాభము నిజమైనది. 2005లో ఫ్యూజీవారు యువతులను ఉద్దేశించి 'నోయితమినా' అను అర్ధరాత్రి వేళను నెలకొల్పి 'హనీ అండ్ క్లోవర్'తో ఆరంభించిరి. పిల్లల వేళలో చోటు దొరకని చిత్రకళావిద్యార్థుల మూగప్రేమలకు అక్కడ చోటు దొరకెను. 2017 వసంతమున వచ్చిన 'త్సుకి గ కిరెయి' ఈ కొలతకు తగిన కథలలో నాకు మిక్కిలి ప్రియమైనది: కవాగోయె పట్టణమున కథలు వ్రాయు కొతారో, పరుగుపందెముల అకానె, ఇద్దఱును మాటలాడ జంకు పదునైదేండ్లవారు, వారి సిగ్గు పండ్రెండు వారములలో పుట్టి, పెరిగి, పరీక్షల యెడబాటును దాటి, తుది నామావళి వెంట వచ్చు నిశ్చలచిత్రములలో పెండ్లివరకు చేరును. ఒక్క భాగము తీసివేయ వీలు లేదు, ఒక్కటి చేర్ప వీలు లేదు. అయితే మాంగా ఆధారముగా వచ్చు ప్రణయకథలలో పెక్కింటికి ఈ భాగ్యము లేదు. పుస్తకమును అమ్ముటకే పుట్టినవి గనుక నడిమిలోనే ఆగును. 'కిమి ని తొదోకె' రెండవ విడత 2011లో ముగియగా, మూడవది 2024లో గాని రాలేదు. అప్పటికి తొలినాటి విద్యార్థి ప్రేక్షకురాండ్రలో పిల్లల తల్లులైనవారు ఎందఱో!

నాలుగవ పోషకుడు దూరదేశపు చందాదారుడు. విదేశముల రాబడి 2020లో జపాను రాబడిని మొదటిసారిగా మించెను. మనదేశమున 1990ల తొలినాళ్లలో దూరదర్శన్‌లో ఆదివారపు ఉదయమున చూచిన మౌగ్లీ కథ జపానువారు గీచినదని తెలిసి చూచినవారు అరుదు. 2024లో 'సోలో లెవెలింగ్' మొదలైనప్పుడు తెలుగు మాటలతో గూడ దొరకెను, చూచువారికి అది ఎచ్చటిదో, ఏ ఋతువుదో స్పష్టముగా తెలియును. పోషకుడు మాఱినను కొలత మాఱలేదు. పైగా లోకమంతట ఒకేనాడు విడుదల చేయవలసి వచ్చుటచే గడువు మఱింత కఠినమయ్యెను.

ఈ గడువులో మెకా నలుగుచున్నది. యంత్రములను చేతితో చక్కగా గీయగల వృద్ధహస్తములు తగ్గి పని కంప్యూటరునకు పోయినదన్న విచారము వేఱు. నా విచారము కాలమును గూర్చి. 2022 అక్టోబరులో వచ్చిన 'మెర్క్యురీ మంత్రగత్తె' గుండం వంశమున స్త్రీని కథానాయికగా నిలిపిన మొదటి ప్రధాన టెలివిజన్ కథ. ద్వంద్వయుద్ధమున గెలిచి కథానాయిక సులెట్టా తోటి విద్యార్థిని మియొరినెకు వరునిగా నిర్ణయింపబడుటతో యుద్ధమును ప్రణయమును ఒక్క ముడి పడినవి. పాఠశాల ద్వంద్వములు నడచినంతకాలము అది నిండుగా నడచెను. కంపెనీల కుట్రలు, భూలోకవాసుల తిరుగుబాటు ప్రవేశించినపిమ్మట ఇరువదినాలుగు భాగముల హద్దు ముంచుకొని వచ్చి, మరణములు, క్షమాపణలు వరుసగా పరుగెత్తెను. అంతకుముందు 2015లో మొదలైన 'ఇనుపరక్తపు అనాథలు' కథకు ఏబది భాగములు దక్కినవి; దాని తుదియందలి మరణములు ఒక్కొక్కటి వేఱువేఱుగా జ్ఞాపకమున్నవి.

'ఎనుబదియాఱు' అను కథను గూర్చి చెప్పి ముగింతును. 2021 వసంతమున ఒక విడత, శరత్తున రెండవ విడతగా ఇది వచ్చెను. మనుష్యులుగా లెక్కింపబడని బాలసైనికుల దళపతి షిన్‌కును, దూరనగరమునుండి స్వరమాత్రముగా వారిని నడిపించు అధికారిణి లేనాకును నడుమ కథ. ఋతువు ముగిసినను పని ముగియలేదు. చివరి రెండు భాగములు దాదాపు మూడు నెలలు ఆలస్యమై 2022 మార్చిలో ప్రసారమయ్యెను. మొదటినుండి ఒకరి మొగమొకరు ఎఱుగని ఆ యిద్దఱును ఎదురెదురుగా నిలుచునది ఆ చిట్టచివరి భాగముననే. డిసెంబరు గడువునకు తొందరపడి దానిని ముగించియుండిన యెడల సమితివారి లెక్కలు సరిపోయెడివి. కథ యుద్ధము మాత్రమే చూపి ఊరకుండెడిది.