జబర్, జేర్, పేష్

కాసిపేట వంటి సింగరేణి ఊళ్లలో ఖురాన్ పారాయణం నేర్చే పిల్లల నోట పలికేవి జబర్, జేర్, పేష్. హ్రస్వ అచ్చులను చూపే ఈ గుర్తులు అరబ్బులకు ఫతహా, కస్రా, దమ్మా. ఫారసీ, ఉర్దూల మీదుగా నిజాం రాజ్యంలోకి చదువు నడిచొచ్చిన దారి ఈ పేర్లలోనే ఉంది. తొలినాటి ఖురాన్ ప్రతుల్లో ఈ గుర్తులే లేవు. 7వ శతాబ్దంలో అరబ్బీ వ్యాకరణవేత్త అబుల్ అస్వద్ రంగు చుక్కలు పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. ఇప్పటి రూపం 8వ శతాబ్దపు భాషావేత్త ఖలీల్ ఇబ్న్ అహ్మద్‌ది. అరబ్బీ ఇంటిభాష కానివాళ్లు పెరిగేకొద్దీ వీటి అవసరమూ పెరిగింది. అంటే ఇవి మనలాంటి పరభాషీయుల కోసమే ఎదిగాయనాలి.

మరి ఖురాన్‌ను తెలుగు లిపిలో రాసుకుంటే చాలదా? అచ్చులకు చాలు, మన గుణింతం అందులో దిట్ట. చిక్కంతా హల్లులతోనే. ‘కల్బ్’ అనే మాటను గొంతు లోపలి ఖాఫ్‌తో పలికితే హృదయం, మామూలు కాఫ్‌తో అయితే కుక్క! మన ‘క’ ఈ తేడా పట్టదు. తెలుగు ప్రతి ఆసరాయే; ఉచ్చారణ మాత్రం ఉస్తాద్ దగ్గర నేర్వాల్సిందే.