ఇంజన్ ఆగిన తరువాత: హెలికాప్టర్ అత్యవసర విధానాల చరిత్ర

హెలికాప్టర్ నమ్మదగిన వాహనంగా రూపొందడానికి పదహారేళ్ల ముందే, దాని ఇంజన్ గాలిలో ఆగిపోతే ప్రాణాలు ఎలా దక్కించుకోవాలన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ జవాబు కనుగొన్న స్పెయిన్ దేశపు ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా తయారుచేసినది నిజానికి హెలికాప్టర్ కాదు. 1919లో ఆయన నిర్మించిన మూడు ఇంజన్ల విమానం తక్కువ ఎత్తులో వేగం కోల్పోయి, రెక్కల మీద గాలి పట్టు సడలి కూలిపోగా, వేగం తగ్గినా పడిపోని యంత్రం కోసం సాగించిన అన్వేషణలో ఆయన ఆటోజైరో అనే వాహనాన్ని రూపొందించాడు. ముందున్న ప్రొపెల్లర్ దానిని లాగుతుంటే, పైనున్న రోటర్ ఏ ఇంజన్‌తోనూ సంబంధం లేకుండా, పిల్లవాడు పరుగెత్తుతుంటే చేతిలోని తాటాకు గిరక తిరిగినట్టు, ఎదురుగాలికే తిరుగుతుంది. గాలికి ఎదురు వెళ్లే రెక్కకు ఎక్కువ, వెనక్కి తిరిగే రెక్కకు తక్కువ బలం అందడం వల్ల యంత్రం ఒక పక్కకు ఒరిగిపోయే చిక్కును, ప్రతి రెక్క మొదట్లోనూ అది పైకీ కిందికీ ఆడేలా ఒక కీలు అమర్చి ఆయన పరిష్కరించాడు. 1923 జనవరిలో మాడ్రిడ్ సమీపంలోని హెతాఫేలో ఈ వాహనం ఎగిరింది. ఆ తొలి రోజుల్లోనే ఒకసారి ఇంజన్ ఆగిపోయినా అది కూలకుండా మెల్లగా నేలకు దిగింది.

ఆటోరొటేషన్ అని పిలిచే ఈ సూత్రమే తరువాతి కాలంలో హెలికాప్టర్ పైలట్లందరికీ మొదటి అత్యవసర పాఠమైంది. మామూలుగా ఎగిరేటప్పుడు ఇంజన్ తిప్పే రోటర్ గాలిని పైనుంచి కిందికి నెడుతుంది. ఇంజన్ ఆగిన మరుక్షణం పైలట్ ఎడమచేతి పక్కనున్న కలెక్టివ్ అనే లీవరును, అంటే రెక్కలన్నిటి వాలును ఒకేసారి మార్చే సాధనాన్ని, పూర్తిగా కిందికి దించితే ఆ వాలు తగ్గిపోయి, కిందికి దిగుతున్న యంత్రంలోకి అడుగు నుంచి వచ్చే గాలే రోటర్‌ను తిప్పుతూ ఉంటుంది. ఆగిన ఇంజన్ రోటర్‌ను వెనక్కి పట్టి లాగకుండా ఫ్రీవీల్ అనే భాగం ఆ రెండింటినీ విడదీస్తుంది. తోకలోని చిన్న రోటర్ పెద్ద రోటర్‌తో గేర్ల ద్వారా ముడిపడి ఉంటుంది కాబట్టి దిశను సరిచూసుకునే వీలు కూడా మిగులుతుంది. నేల దగ్గరపడగానే ముక్కు పైకెత్తి ముందు వేగాన్ని చంపి, ఆఖరు క్షణంలో కలెక్టివ్‌ను పైకి లాగితే, తిరుగుతున్న రెక్కల్లో నిల్వ ఉన్న శక్తి యంత్రాన్ని మెత్తగా దించుతుంది. ఆ శక్తి ఒక్కసారికి మాత్రమే సరిపోతుంది, తొందరపడి పది అడుగుల ముందే ఖర్చు చేసినవారికి రెండో అవకాశం ఉండదు.

ఈగర్ సికోర్స్కీ 1939 సెప్టెంబరులో అమెరికాలో ఎగురవేసిన వీఎస్-300 నుంచి పుట్టిన ఆర్-4 హెలికాప్టర్, యుద్ధరంగంలో తన తొలి రక్షణ కార్యాన్ని భారతదేశం నుంచే సాగించింది. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవుల్లో జపాన్ సేనల వెనుక ఒక చిన్న విమానం కూలి, దాని పైలట్‌తో పాటు గాయపడిన ముగ్గురు బ్రిటిష్ సైనికులు చిక్కుకుపోయారు. అస్సాంలోని లాలాఘాట్ స్థావరం నుంచి లెఫ్టినెంట్ కార్టర్ హార్మన్ కొండలు దాటి వెళ్లి, ఒక్కో విడతకు ఒక్కరినే మోయగల ఆ బలహీనమైన యంత్రంతో రెండు రోజుల్లో నలుగురినీ బయటికి తెచ్చాడు. వేడికి ఇంజన్ కాగిపోయి మధ్యలో రాత్రంతా ఆగవలసి వచ్చింది. సైనిక హెలికాప్టర్ తన శక్తికి అంచున పనిచేస్తుందన్న సంగతి ఆ మొదటి రోజే తెలిసివచ్చింది.

వియత్నాం యుద్ధంలో వేల సంఖ్యలో దిగిన హ్యూయీ హెలికాప్టర్లు ఈ అంచును మరింత కఠినంగా చూపించాయి. బరువైన రెండు రెక్కల రోటర్ తిరుగుడు శక్తిని బాగా నిల్వ చేసుకోవడం దానికి మేలు చేసినా, ప్రతి హెలికాప్టర్ పుస్తకంలోనూ ఉండే ఎత్తు–వేగాల పటం దానినీ బంధించింది. ఆ పటంలో గీతలు నింపిన ప్రాంతాన్ని పైలట్లు డెడ్ మ్యాన్స్ కర్వ్ అంటారు. అక్కడ వేగం చాలదు, రోటర్ వేగాన్ని కాపాడుకునేంత ఎత్తూ ఉండదు, కాబట్టి ఇంజన్ ఆగితే క్షేమంగా దిగడం సాధ్యం కాదు. శిక్షణలో తప్పించుకోవలసిన ఈ ప్రాంతంలోనే, చెట్ల మీద నిలిచి క్షతగాత్రుణ్ణి తాడుతో పైకి లాగే పైలట్ నిమిషాల తరబడి ఉండవలసి వస్తుంది. సైనిక విమానయానంలో నిబంధన అంటే ప్రమాదాన్ని తెలిసి ఎంచుకునే హక్కు కూడా అని ఇక్కడే అర్థమవుతుంది.

భారత సైన్యం అవసరాల కోసం ఫ్రాన్స్ రూపొందించిన లామా హెలికాప్టర్, మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ చేతుల్లో చీతాగా మారి దశాబ్దాలుగా సియాచిన్ మంచుశిఖరాలకు సరుకులు చేరవేస్తూ, రోగులను దించుతూ వచ్చింది. అదే లామాతో 1972 జూన్ 21న ఫ్రెంచ్ పైలట్ జాన్ బూలే 12,442 మీటర్ల ఎత్తుకు చేరాడు. దిగడానికి శక్తిని తగ్గించగానే ఇంజన్ ఆరిపోగా, అంత ఎత్తు నుంచి నేల వరకూ ఆటోరొటేషన్ మీదే వచ్చి క్షేమంగా దిగాడు. ఒకే యంత్రం పేరిట అత్యధిక ఎత్తు, అతి పొడవైన ఆటోరొటేషన్ రెండూ ఆ రోజే నమోదు కావడం, సియెర్వా సూత్రానికి ఎదురైన గొప్ప పరీక్ష.

ఇలాంటి అనుభవాల నుంచే సైనిక పైలట్ పుస్తకాల భాష పుట్టింది. అమెరికా సైన్యపు పుస్తకాల్లో అత్యవసర విధానాలకు ఒక అధ్యాయం ఉంటుంది. అందులో కింద గీత గీసిన అంచెలను పైలట్ కంఠస్థం చేయవలసిందే, ఎందుకంటే ఆ క్షణంలో పేజీ తిప్పే తీరిక ఉండదు. వీలైనంత త్వరగా దిగడం అంటే అనువైన అతి దగ్గరి స్థలంలో దిగడమనీ, అనుకూలం చూసుకుని దిగడం అంటే పరిస్థితిని బట్టి తగిన స్థలంలో దిగడమనీ అందులో వేర్వేరుగా నిర్వచించారు. ఏ ఆపదలోనైనా అన్నింటికన్నా ముందు యంత్రాన్ని అదుపులో ఉంచుకోవాలన్నది ఆ అధ్యాయానికి పునాది.

ఈ పునాది ఎంత విలువైనదో తెలుగు నేల 2009 సెప్టెంబరు 2న తెలుసుకుంది. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన పౌర హెలికాప్టర్ నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలి ఐదుగురు మరణించారు. గేర్ల నూనె ఒత్తిడి గురించి హెచ్చరిక దీపం వెలగగా, దానికి సంబంధించిన విధానాన్ని పుస్తకంలో వెతకడంలో మునిగిన సిబ్బంది విలువైన నిమిషాలు కోల్పోయారనీ, ముందున్న ఉరుము మేఘాలను అంచనా వేసి వెనుదిరగవలసిన సమయం అదేననీ దర్యాప్తు కమిటీ పేర్కొంది. చివరకు హెలికాప్టర్‌ను నేలకు కొట్టింది మేఘంలోని బలమైన దిగుడు గాలి అని అదే కమిటీ తేల్చింది.