నిలబడే చోటే అసలు కిటుకు

రోమ్‌లోని సాంత్ ఇన్యాత్సియో చర్చిలో గచ్చు మధ్య ఓ పాలరాతి బిళ్ల ఉంది. దాని మీద నిలబడి తలెత్తితే కప్పు తెరుచుకుని స్తంభాలు ఆకాశంలోకి సాగిపోతున్నట్టుంటాయి. పక్కకు జరిగామా, ఆ స్తంభాలే ఒరిగిపోతాయి. ఆంద్రేయా పొజ్జో 1694లో పూర్తిచేసిన చిత్రమిది. నేడు కాలిబాటల మీద సుద్దముక్కలతో అగాధాలు తవ్వుతున్న త్రీడీ చిత్రకారుల విద్యకు మూలం ఇలాంటి పైకప్పులే.

నేల మీద బొమ్మలు మాత్రం అంతకన్నా పాతవి. ఇటలీలో 16వ శతాబ్దం నుంచే మడోన్నారీలనే వీధి చిత్రకారులు పండగలూ జాతరలూ వెతుక్కుంటూ ఊరూరా తిరిగేవారు. చర్చి ముందు మరియమాత బొమ్మ వేసి, జనం వేసిన చిల్లరతో పొట్టపోసుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాదాపు కనుమరుగైన ఈ వృత్తికి 1970ల తొలినాళ్లలో మాంతువా దగ్గరి గ్రాత్సియేలో, ఆగస్టు 15 పండగకు మొదలైన పోటీలు మళ్లీ ఊపిరిపోశాయి.

ఈ రెండు దారులనూ కలిపినవాడు అమెరికన్ కర్ట్ వెన్నర్. నాసాలో అంతరిక్ష చిత్రాలు గీసే ఉద్యోగం వదిలి 1982లో ఇటలీ చేరాడు. పగలు వీధిలో బొమ్మలేస్తూనే చర్చిల పైకప్పులను అధ్యయనం చేశాడు. పైకప్పు ఎక్కడో ఎత్తున ఉంటుంది. నేల కాళ్ల దగ్గరే మొదలై దూరం పోతుంది. ఏటవాలుగా చూసే కంటికి దూరపు భాగం కుంచించుకుపోతుంది కనుక, దాన్ని ఎన్నో రెట్లు సాగదీసి గీయాలి. 1980ల మధ్యలో ఆ లెక్క వెన్నర్‌కు చిక్కింది. 1987లో నేషనల్ జియోగ్రాఫిక్ ఆయన మీద డాక్యుమెంటరీ తీసింది.

ఇంగ్లండ్‌కు చెందిన జూలియన్ బీవర్ 1990లలో ఆ పాలరాతి బిళ్ల స్థానంలో కెమెరాను నిలిపాడు. ట్రైపాడ్ కదలకూడదు. ఓ గీత గీయడం, లేచివెళ్లి లెన్సులోంచి చూడడం, తిరిగొచ్చి దిద్దడం: ఇదీ ఆయన పని. ఆయన గ్లోబు బొమ్మను అవతలి వైపు నుంచి చూస్తే గుండ్రనిదేదీ ఉండదు, పొడవాటి రంగుల చార తప్ప. వాన పడితే అదీ మిగలదు. ఫొటో మాత్రం ఇంటర్నెట్‌లో ప్రపంచం చుట్టొచ్చింది.

2008లో జర్మన్ చిత్రకారుడు ఎడ్గర్ ముల్లర్ ఐర్లండ్‌లోని డన్ లేరీ తీరాన భారీ మంచు అగాధాన్ని చిత్రించాడు. ఆ అంచున నిలబడి జనం భయం నటిస్తూ ఫొటోలు దిగారు.

2016 నాటికి ఈ విద్య మన రోడ్లెక్కింది. అహ్మదాబాద్‌లో ఓ తల్లీకూతుళ్లు జీబ్రా క్రాసింగులను గాలిలో తేలే దిమ్మెల్లా చిత్రించారు. ఇక్కడ చూసేవాడు నిలబడడు, బండి మీద దూసుకొస్తుంటాడు. దగ్గరికొచ్చేసరికి దిమ్మెలు చదునైపోతాయి. కాబట్టి దూరం నుంచి కనిపించిన ఆ కాస్తసేపట్లోనే అతని కాలు బ్రేకు మీదికి వెళ్లాలి.