చేతులు మారిన దేవిడీలు

పురానీ హవేలీ అనగా పాత ఇల్లు. పాతబస్తీలో ఈ పేరు వినని వారుండరు. కాని గోడలు పాతబడినందువలన ఆ భవనానికి ఈ పేరు రాలేదు. యజమాని వేరొక ఇంటికి తరలిపోయినందువలన వచ్చినది. రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీఖాన్ 1777 ప్రాంతంలో ఆ స్థలాన్ని సంపాదించి, తన కుమారుడు సికందర్ జా కొరకు అక్కడ భవనం ఏర్పాటు చేసినాడు. అంతకు మునుపు అది రుక్నుద్దౌలా అనే దివానుది. ఇంకను వెనుకకు పోతే, కుతుబ్‌షాహీల పీష్వా మీర్ మోమిన్‌దని చెప్పుకొంటారు. సికందర్ జా 1803లో గద్దెనెక్కి, కొంతకాలం అక్కడనే ఉండి, పిదప ఖిల్వత్‌కు మారినాడు. ఆయన గడప దాటిన నాటినుండి అది పాత ఇల్లయి కూర్చున్నది. మనిషి విడిచిపోతేనే గదా ఇంటికి వయస్సు వచ్చేది!

ఈ సంగతి మాకు మొన్న ఒక మిత్రునితో మాట్లాడుచుండగా జ్ఞప్తికి వచ్చినది. ఆయన కొలువునుండి విరమించి, నగరం వెలుపల విశ్రాంత జీవుల కొరకే కట్టిన ఇండ్ల సముదాయంలో ఒక ఇల్లు కొనినారు. దస్తావేజులు చూడగా ఇరవై ఏండ్లలో ఆ ఇంటికి ఆయన మూడవ యజమాని అని తేలినది. వాస్తులో దోషమేమైనా ఉన్నదేమోనని వారి ఇంటివారికి బెంగ. దోషమేమియు లేదు; అంతయు కూడికలు తీసివేతల వ్యవహారం. ముప్పదవ ఏట ఇల్లు కొనినవాడు నలుబది ఏండ్లు అందులో కాపురం చేయవచ్చును. అరువది అయిదవ ఏట కొనినవానికి పదో, పదిహేనో సంవత్సరాలు. ఆలుమగలలో ఒకరు కాలం చేయుదురు, మిగిలినవారు పిల్లల వద్దకు చేరుదురు. ఆ పిల్లలకు వేరే ఊళ్ళలో వేరే ఇండ్లు. ముసలివారి పేటలో ఇల్లు వారికెందుకు? కనుక అమ్మకం. కొనేవాడు మరల అరువది అయిదేండ్ల వాడే.

వయస్సు మళ్ళినవారు మాత్రమే ఉండే పేటలో ఇండ్లు త్వరత్వరగా చేతులు మారుట ఈ విధంగా సహజం. అయితే ఒక మహానగరంలోని పెద్ద ఇండ్ల యజమానులందరు ఒకే దినాన విశ్రాంత జీవులైపోతే ఏమగును? చార్మినారు చుట్టు ఇది నిజంగా జరిగినది. ఆ కథ చెప్పుటకే మా ప్రయత్నం.

నిజాం రాజ్యంలో ఉద్యోగం చాలించినవారిని వజీఫాయాబ్ అనేవారు. వజీఫా పొందేవాడని అర్థం. ఇంటి ముందరి పలకమీద పేరు క్రింద ఈ మాటను గర్వంగా వ్రాయించుకొనేవారు. కొలువు పోయినను గౌరవం పోలేదని దానికి తాత్పర్యం. కాని అమీరులకు, జాగీర్దారులకు విరమణ అనేది లేదు. వారి కొలువు తాత తండ్రులనుండి వచ్చినది, మనుమలకు పోవలసినది. ఆ కొలువుకు ప్రతిఫలం జాగీరు. జాగీరు రాబడితో నిలిచినది దేవిడీ.

దేవిడీ అనే మాటకు గడప, ముఖద్వారం అని అర్థం. ద్వారం పేరే మొత్తం ఇంటికి వచ్చినది. చూచినవారికి ఇది ఎందుకో తెలియును. ఏనుగు అంబారీతో లోనికి పోగల కమాను, దానిపైన నగారాఖానా, ఇరుప్రక్కల కావలివారి గదులు. లోపల మగవారికి మర్దానా, ఆడవారికి జనానా, నడుమ నీటి హౌజు, తోట. వెనుక గుర్రపుసాలలు, వంటశాలలు, వానిని అంటిపెట్టుకొని సేవకుల ఇండ్ల వరుసలు. ఒక్కొక్క దేవిడీ ఒక చిన్న గ్రామం. యజమాని ఒక్కడే అయినను అక్కడ అన్నం తినేవారు వందలు.

ఇక్కడొక చిత్రమున్నది. జాగీరు శాస్త్రప్రకారం యజమాని సొత్తు కాదు. ఆయన బ్రతికియున్నంతవరకే అది ఆయనది. చనిపోగానే ప్రభుత్వానికి తిరిగి పోయినట్లు లెక్క. వారసుడు విరాసత్ విచారణ జరిపించుకొని, నజరానా చెల్లించి, కొత్తగా మంజూరు పొందవలెను. ఈ విచారణలకై అతియాత్ అని ఒక శాఖయే ఉండినది. ఇల్లు మాత్రం సొంతం. అనగా ఇంటిని పోషించే రాబడి తరానికొకసారి యజమానిని మార్చుకొనేది; ఇల్లు మార్చుకొనేది కాదు. బయటినుండి చూచినవారికి ఆ గోడలు శాశ్వతంగా కనిపించుటకు కారణం ఇదే. ఆ గోడల క్రింది పునాది మాత్రం ఒక ఫర్మానా కాగితం.

ఇల్లు చేతులు మారకుండ పట్టియుంచిన ఆచారాలు మరికొన్ని ఉండినవి. వానిలో షుఫా ముఖ్యం. ఇల్లు అమ్మదలచినప్పుడు భాగస్వామికి, దారియో నీటికాలువయో కలిసిన వానికి, ఆ పిదప పొరుగువానికి ముందుగా కొనే హక్కు ఉండేది. తెలియని వానికి అమ్మినచో పొరుగువాడు అదే వెల చెల్లించి దానిని తన పేర వ్రాయించుకొనవచ్చును. గల్లీలోనికి కొత్తవాడు రాకుండుటకు ఇది గట్టి గడియ. రాజ్యాంగం వచ్చిన తరువాత 1950లలో హైదరాబాదు హైకోర్టు, 1962లో సుప్రీంకోర్టు, పొరుగువాడన్నంత మాత్రాన ఈ హక్కు చెల్లదని తీర్పు చెప్పినవి. గడియ ఊడినది. వక్ఫు చేసిన ఇల్లయితే అసలు అమ్మకమే లేదు. దైవానికి చెందినదానికి కొత్త యజమాని ఉండడు గదా.

వీనికి ఎదురుగా ఇంటిని ముక్కలు చేసేది వారసత్వ గణితం. ఒక నవాబుకు ఇద్దరు భార్యలు, నలుగురు కొడుకులు, అయిదుగురు కూతుళ్ళు అనుకొందము. షరియత్ ప్రకారం భార్యలిద్దరికి కలిపి ఎనిమిదవ వంతు. మిగిలినదానిలో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురుకు ఒక పాలు. లెక్క వేసిన, ఇంటిని నూటనాలుగు భాగాలు చేసి ఒక్కొక్క కూతురుకు ఏడు భాగాలు ఇయ్యవలెను. పొలమయితే కొలిచి పంచవచ్చును. నగారాఖానాలో ఏడు భాగాలు ఏవి? హౌజులో నీళ్ళు ఎవరివి? రాబడి ఉన్నంతకాలం ఈ ప్రశ్నలు ఎవరును అడుగరు. పెద్దన్న అందరిని పోషించును, అందరు ఒక కప్పు క్రిందనే ఉందురు. రాబడి ఆగిన మరునాడు మొట్టమొదట పుట్టేది ఈ ప్రశ్నయే.

రాబడికి మించి కట్టిన ఇల్లు ఎంతకాలం నిలుచునో ఫలక్‌నుమా చెప్పును. పాయెగా అమీరు వికారుల్ ఉమరా, నిజాం మహబూబ్ అలీఖాన్‌కు సోదరి వరుసతో బావ, 1884లో పాతబస్తీకి దక్షిణాన గుట్టమీద దానికి శంకుస్థాపన చేసినాడు. 1890 నాటికి గృహప్రవేశం. పిదప ఆయన ప్రధానమంత్రి కూడ అయినాడు. అయినను ఆ భవనం ఆయన్ను అప్పుల పాలు చేసినది. 1897 ప్రాంతంలో నిజాం అక్కడ విడిది చేసి, ఆ ఇంటి అందాన్ని మెచ్చుకొన్నాడు. ప్రభువు మెచ్చిన వస్తువును ప్రభువుకు అర్పించుట ఆనాటి మర్యాద. అర్పించినదానికి ప్రభువు వెల చెల్లించుట కూడ మర్యాదయే. రెండు మర్యాదలు జరిగినవి. కట్టించినవాడు తన కలల ఇంటిలో కాపురమున్నది ఏడేండ్లు! మా మిత్రుని ఇంటి మొదటి యజమాని ఇంతకంటె ఎక్కువ కాలమే ఉండినాడు. మహబూబ్ అలీఖాన్ 1911లో అక్కడనే కన్ను మూసినాడు. పిమ్మట అది అతిథులకు విడిదిగాను, తరువాత తాళం వేసిన ఇల్లుగాను ఉండి, 2010లో తాజ్ వారి హోటలుగా తెరవబడినది. అక్కడ ఇప్పుడు కాపురస్థులు రోజూ మారుదురు.

ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ మూసీకి ఈవల ఉన్న భవనాలు వేటిలోను స్థిరపడలేదు. నదికి ఆవలనున్న కింగ్ కోఠీలోనే 1967లో మరణించేవరకు నివసించినాడు. దానిని కట్టించినది కమాల్ ఖాన్ అనే ఆయన. తలుపులమీద, కిటికీలమీద తన పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కించినాడు. కె, కె. ఇల్లు చేతులు మారినను ఆ అక్షరాలు పోలేదు. కనుక వానికి సరిపడునట్లు ఇంటికే కింగ్ కోఠీ అని పేరు వచ్చినదని నగరంలో కథగా చెప్పుకొంటారు. అక్షరాలు చెరిపించుట కంటె పేరు మార్చుట చౌక.

దివాన్ దేవిడీ ఇంతకంటె ఎక్కువ చెప్పదగినది. పత్తర్‌గట్టీకి ప్రక్కన మీర్ ఆలం వంశీయుల ఇల్లు అది. 1853 నుండి 1883 వరకు రాజ్యభారం వహించిన మొదటి సాలార్ జంగు అక్కడివాడే. ఆయన మనుమడు మూడవ సాలార్ జంగు, మీర్ యూసుఫ్ అలీఖాన్, పిన్న వయస్సుననే దివానై, 1914లో ఆ పదవినుండి వైదొలగినాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది లోపు. విశ్రాంత జీవితమంటే ఆయనదే. మిగిలిన ముప్పది అయిదేండ్లు వస్తువులు సేకరించుటలో గడిపినాడు. పెండ్లి చేసికొనలేదు. 1949 మార్చి 2న మరణించునాటికి ఇంటినిండ గడియారాలు, చిత్రాలు, దంతపు బొమ్మలు, గ్రంథాలు. ఇంటికి మాత్రం కన్నబిడ్డ లేడు. 1951 డిసెంబరు 16న అదే దేవిడీలో జవాహర్‌లాల్ నెహ్రూ మ్యూజియంను ప్రారంభించినారు. దాయాదుల నడుమ నడచిన వ్యవహారం 1958లో రాజీ అయి, సేకరణ జాతికి చెందినది. 1968లో మ్యూజియం దారుల్‌షిఫా వద్ద నేడున్న కొత్త భవనానికి తరలినది. వస్తువులు భద్రంగా ఉన్నవి. వానిని పెట్టుకొన్న ఇల్లు చాలభాగం పడగొట్టబడి, అక్కడ బట్టల అంగళ్ళు వెలసినవి. కమాను మాత్రం నిలిచి ఉన్నది. దానిక్రిందినుండి నేడు బట్టల మూటలు పోవుచున్నవి.

సాలార్ జంగు చనిపోయిన ఆ 1949 సంవత్సరమే పాతబస్తీకి గుర్తుండవలసినది. ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం అమలులోనికి వచ్చినది. రాజ్యంలో దాదాపు మూడవ వంతు భూమి జాగీర్లక్రింద ఉండినది. ఆ రాబడి ఒక్క దినాన ప్రభుత్వపరమైనది. జాగీర్దారులకు వాయిదాల ప్రకారం పరిహారం నిర్ణయించబడినది. రైతుల దృష్టిలో అది తరతరాల వెట్టినుండి విడుదల. ఆ మాట ముందు చెప్పక దేవిడీలకొరకు కన్నీరు పెట్టుట మాకు న్యాయంగా తోచదు. దేవిడీ దీపాలలోని నూనె ఆ పల్లెలనుండి వచ్చినదే గదా.

కాని నగరంలో జరిగినదేమి? పాతికేండ్లవాడు, డెబ్బదేండ్లవాడు, అందరు ఒకేసారి వజీఫాయాబ్‌లైనారు. వాయిదాలు నడచినంతకాలం దేవిడీలు నడచినవి. పాకిస్తానుకు పోయినవారి ఇండ్లు ఇవాక్యుయీ చట్టం క్రింద కస్టోడియన్ వశమైనవి. మొదట అమ్ముడుపోయినవి కార్లు, పిదప నగలు, పిదప వెనుకవైపు గుర్రపుసాలలు, తోట ప్లాట్లయినది. చివరకు మర్దానా. కొన్నవారిలో వర్తకులు, బడులు నడిపేవారు, పెండ్లిళ్ళకు షాదీఖానాలు కట్టేవారు ఎక్కువ. హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ ఆవరణలో ఆడపిల్లల కళాశాల వచ్చినది. తెలంగాణా మాల్ లెక్కలు వంశపారంపర్యంగా వ్రాసిన కాయస్థ కుటుంబం వారి మాల్‌వాలా భవనం, చక్కని చెక్కడపు కొయ్యపనికి ప్రసిద్ధి చెందినది, 2000 ప్రాంతంలో పడగొట్టబడినది. నూరేండ్లలో ఒకమారు చేతులు మారని ఇండ్లు ముప్పది ఏండ్లలో మూడుమార్లు మారినవి. విశ్రాంత జీవుల పేటలో ఎంత వేగమో, ఇక్కడను అంతే.

పురానీ హవేలీకి వేరొక గతి పట్టినది. అది ముకర్రం జా ట్రస్టు వశమై, అందులో బడి నడచినది. 2000లో నిజాం మ్యూజియం తెరవబడినది. మహబూబ్ అలీఖాన్ దుస్తులకొరకు చేయించిన పొడవైన కొయ్య బీరువాల వరుస నేటికిని అక్కడ చూడవచ్చును. దుస్తులు తొడుగువారు లేరు గాని తలుపులు ఇంకను చక్కగా మూసుకొనుచున్నవి.

దస్తావేజులలో యజమానుల పేర్లుండును, ఉన్నవారి పేర్లుండవు. మేమొకనాడు చౌకు దాటి ఒక గల్లీలో పేరు పోయిన దేవిడీని చూడబోయినాము. కమాను ప్రక్క కావలిగదిలో ఎనుబది దాటిన ముసలాయన ఉన్నాడు. తాత అక్కడనే కావలి, తండ్రి అక్కడనే కావలి. "చాచా, ఈ ఇల్లు ఇప్పుడెవరిది?" అని అడిగినాము.

"నాకు తెలిసి నాలుగుసార్లు అమ్మినారు సాబ్," అన్నాడు. "ప్రతిసారి కాగితం చదివి వినిపించినారు. నాలుగు హద్దులు ఉన్నవి. బావి ఉన్నది. వేపచెట్లు రెండు ఉన్నవి. ఈ గది కూడ ఉన్నది. గదిలో నేనున్నానని మాత్రం ఎవరూ రాయలేదు."

"మరి, కొన్నవారు పొమ్మనలేదా?"

"అన్నారు. పోతానన్నాను. వాళ్ళే ముందు పోయినారు."

మేము మాట్లాడుచుండగా ఇద్దరు మనుష్యులు టేపు పట్టుకొని లోపల ఆవరణ కొలుచుచున్నారు. ఒకడు కమాను వెడల్పు కొలిచి, గది గోడవరకు వచ్చి, లోనికి తొంగిచూచి, అంకె వ్రాసికొని పోయినాడు. ముసలాయన మాకొరకు చాయ్ చెప్పి, కుర్రవానిని మరల పిలిచి, కొలిచేవారికి కూడ రెండు కప్పులు తెమ్మన్నాడు.