రంగయ్య, గోవిందు: చెన్నపట్నపు పూలచిత్రకారులు

చెన్నపట్నంలో రెండు మూడు తరాలుగా కాపురమున్న తెలుగు కుటుంబాలలో 'చచ్చిన కాలేజీ' అన్న మాట ఎరుగని పెద్దలు అరుదు. ఎగ్మూరు మ్యూజియానికి అది వాడుక పేరు. జంతుశాలకు 'బతికిన కాలేజీ' అని పేరు. ఊరినుండి చుట్టాలు వస్తే పిల్లలను వెంటబెట్టుకొని ఈ రెండు కాలేజీలూ చూపించడం ఒక ఆచారంగా ఉండేది. 1851లో మ్యూజియం మొదట ఏర్పడినది కోట కాలేజీ మేడలో. బ్రౌను దొర 1817లో తెలుగు అక్షరాలు దిద్దుకొన్నది ఆ కాలేజీలోనే. 1854లో సామగ్రి అంతా పాంథియన్ తోటకు తరలిపోయినా, జనం నోట కాలేజీ అన్న పేరు అలాగే నిలిచిపోయినదని అంటారు.

ఆ ఆవరణలోనే కన్నెమరా గ్రంథాలయం ఉన్నది. దానికి ఆ భవనం 1896 డిసెంబరు 5న వచ్చినది గాని, పుట్టుక అంతకు ముప్పై ఏళ్ళకు పూర్వం. 1860 ప్రాంతంలో మ్యూజియం అధికారి కెప్టెన్ జెస్సీ మిచెల్ అక్కడనే ఒక చిన్న గ్రంథాలయం పెట్టినాడు. సీమలో హేలీబరీ కాలేజీలో మిగులుబడ్డ పుస్తకాలను మద్రాసు ప్రభుత్వానికి పంపగా, ప్రభుత్వం వాటిని మ్యూజియంకు అప్పగించినది. అనగా మన ఊరి పెద్ద గ్రంథాలయం రాళ్ళు, శంఖాలు, పాముల సీసాల నడుమ కన్ను తెరచినది. గ్రంథాలయంలో చెట్టుచేమల చిత్రాలు ప్రదర్శించడం ఇప్పటివారికి కొత్త వేడుకగా తోచవచ్చును. ఈ ఊరికి మాత్రం అది కొత్త బంధుత్వం కాదు.

కొన్నేళ్ళ క్రిందట ఈ నగరంలోనే ఒక గ్రంథాలయంలో అటువంటి ప్రదర్శన ఒకటి చూచినాను. ఈ ప్రాంతపు చిత్రకారులు గీసినవి ఇరవై ముప్పై బొమ్మలు గోడలకు తగిలించినారు. అడయారు మర్రి ఊడలు, పళ్ళికరణై చిత్తడిలో దిగిన కొంగలు, వీథి ప్రక్క పూచిన రేలచెట్టు. ప్రతి బొమ్మ క్రిందను గీసినవారి పేరు పొందికగా వ్రాసి ఉన్నది. మూలనున్న అద్దాలపెట్టెలో మాత్రం ఒక పాత పుస్తకం తెరిచి పెట్టినారు. పుటనిండా ఒక పూలమొక్క. దాని ముందున్న చీటీమీద 'డాక్టరు రాబర్ట్ వైట్ చిత్రం' అని ఉన్నది. వంగి చూస్తే, పుట అడుగున చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాలలో వేరొక పేరు కనబడినది: గోవిందు. ఆ పేరు ప్రక్కన 'గీసినది' అనే అర్థం గల లాటిన్ ముక్క ఉన్నది.

వైట్ స్కాట్లండు దేశస్థుడు. 1819లో కంపెనీవారి వైద్యుడుగా మద్రాసు వచ్చినాడు. 1826లో ఆయనను మద్రాసు ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమించినారు. 1828లో ఆ ఉద్యోగాన్నే రద్దుచేసి, ఆయనను నాగపట్టణం పంపినారు. ఆయన దృష్టి మాత్రం రోగులమీద కంటె మొక్కలమీదనే ఎక్కువ. ఎండబెట్టిన మొక్కలో రంగు పోతుంది, పువ్వు అణగిపోతుంది. కాబట్టి పచ్చిగా ఉండగానే గీయగల చేయి కావలసివచ్చినది. ఆ చేయి రంగయ్యది. 1845 ప్రాంతం దాకా రంగయ్య గీసినాడు. తరువాత ఆ పని గోవిందుకు వచ్చినది.

వీరు తంజావూరు ప్రాంతంలో చిత్రలేఖనమే వృత్తిగా గల తెలుగు రాజుల కుటుంబాలవారై ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. విజయనగర ప్రభువుల, నాయకరాజుల వెంట దక్షిణాదికి తరలిపోయిన తెలుగు చిత్రకారుల సంతతివారే తంజావూరు బొమ్మలకు ప్రాణంపోసిన రాజులు. బంగారు రేకు అతికి, రాళ్ళు పొదిగి, వెన్నదొంగ కృష్ణుని బొద్దుగా తీర్చే చేతులవి. అటువంటి సంప్రదాయంలో పెరిగినవానిని పిలిచి, దేవుడు వద్దు, బంగారం వద్దు, ఈ జిల్లేడుజాతి పువ్వులో కేసరాలెన్నో లెక్కపెట్టి గీయమంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోవలసినదే. పువ్వును నిలువునా కోసి, భూతద్దంలో చూచి, అండాశయం అడ్డుకోత వేరుగా, గింజ వేరుగా, కేసరం వేరుగా పుట అడుగున వరుసగా తీర్చినారు. ఆ చిన్న ముక్కలే శాస్త్రానికి ప్రాణం. పై కొమ్మ అందం చూచేవారికి, అడుగు ముక్కలు తెలిసినవారికి.

1831లో సెలవుమీద స్వదేశం వెళ్ళిన వైట్ అక్కడ రాతి అచ్చు పని నేర్చుకొని 1834లో తిరిగివచ్చినాడు. 1838లో ఆరంభించి 1853 వరకు మద్రాసులోనే అచ్చువేయించిన ఆయన పెద్ద గ్రంథం, 'ఐకోనెస్ ప్లాంటారం ఇండియే ఓరియెంటాలిస్', ఆరు సంపుటాలు, 2,101 చిత్రఫలకాలు. లండను ముఖం చూడకుండా ఈ ఊరి రాతిమీద, ఈ దేశపు చిత్రకారుల చేత ఇంత పని జరగడం ఆ రోజులలో చిన్న సంగతి కాదు. అచ్చు శుభ్రంగా రాలేదని సీమలో ఎవరైనా అని ఉంటే అని ఉండవచ్చును. గీత ఎక్కడ పుట్టినదో, అచ్చు కూడ అక్కడనే పుట్టినది.

దీనికి ముందటి కథతో పోల్చి చూడండి. సామర్లకోటలో కాపురముండి మన గోదావరి సీమ మొక్కలను గీయించిన రాక్స్‌బర్గ్ గ్రంథం, కోరమాండలు తీరపు మొక్కలది, 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటాలుగా లండనులో వెలువడినది. మూడువందల ఫలకాలు. మొక్కల తెలుగు పేర్లను ఆయన శ్రద్ధగా ఎక్కించినాడు. మోదుగను మోదుగ అనే వ్రాసుకొన్నాడు. కాని ఆ మోదుగపూవును గీసిన మనిషి పేరు ఆ పుటలలో లేదు. మొక్కకు దక్కిన మర్యాద చిత్రకారునికి దక్కలేదు. ఆ లెక్కన వైట్ మెరుగు. పుట అడుగున ఎంత చిన్న అక్షరమైనా, రంగయ్య పేరు రంగయ్యకు, గోవిందు పేరు గోవిందుకు వేయించినాడు.

అంతటితో ఆగలేదు కూడ. 1853లో వెలువడిన ఆరవ సంపుటంలో, 2,090వ ఫలకంగా, ఒక ఆర్కిడ్ మొక్కను కొత్త ప్రజాతిగా భావించి, గోవిందు నేర్పును మెచ్చుకొని, దానికి 'గోవిందూయియా' అని పేరు పెట్టినాడు. గవర్నర్ల పేర్లు, దొరసానుల పేర్లు పువ్వులకు పెట్టే కాలంలో, నెలజీతంమీద పనిచేసే ఒక తెలుగు చిత్రకారుని పేరు శాస్త్రంలోకెక్కినది! కాని ఆ పేరు నిలువలేదు. ఆ మొక్క అంతకు మునుపే పేరుపడిన 'ట్రోపీడియా' ప్రజాతికి చెందినదని తేలినది. ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది వృక్షశాస్త్ర నియమం. అందుచేత గోవిందు పేరు ఇప్పుడు పర్యాయనామాల పట్టికలో ఉన్నది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

1853లో వైట్ దేశం విడిచివెళ్ళినాడు. గోవిందు ఆ తరువాత వైద్య కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే క్లెగ్‌హారన్ దొరకు బొమ్మలు గీసినాడు. ఆ కాలంలోనే హంటర్ అనే వైద్యుడు 1850లో పెట్టిన చిత్రకళా పాఠశాల పిల్లలు కూడ ఆయనకు గీసిపెట్టినారు. అసలు రంగుల చిత్రాలు క్రమంగా ఓడలెక్కి, వందల కొద్దీ ఎడింబరో నగరపు రాజోద్యానం గ్రంథాలయానికి చేరినవి. గ్రంథాలయంలోనే ఉండడం ఒక ఊరట. ఆ ఉద్యానంలోని హెన్రీ నోల్టీ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి వాటిని పరిశీలించి 2007లో మూడు సంపుటాలు ప్రకటించినాడు. ఆ గ్రంథం పేరులోనే వైట్ ప్రక్కన రంగయ్య, గోవిందుల పేర్లు ఉన్నవి. 2019 డిసెంబరులో లండనులోని వాలెస్ కలెక్షన్‌లో కంపెనీ కాలపు భారతీయ చిత్రకారులను పేరుపేరున నిలబెట్టి ఒక పెద్ద ప్రదర్శన జరిగినది. వేలూరు ఎల్లప్ప తన బొమ్మ తానే గీసుకొన్నది కూడ అందులో ఉంచినారు. మన రంగయ్య, గోవిందుల ముఖాలు ఎట్లా ఉండేవో మనకు తెలియదు. వేలకొలది పువ్వులను చూచి గీసినవారిని ఎవ్వరూ చూచి గీయలేదు.

ఇక ఆ అద్దాలపెట్టె సంగతి. ప్రదర్శన చూడవచ్చినవారిలో ఏడెనిమిదేళ్ళ తెలుగు పిల్ల ఒకతె ఉన్నది. గోడమీది బొమ్మలన్నిటి పేర్లు చదువుకొంటూ వచ్చి, పెట్టె దగ్గర నిలబడి, "తాతగారూ, డాక్టరుగారు బొమ్మలు కూడ వేస్తారా?" అని నన్ను అడిగినది. అడుగునున్న పేరు చూపించినాను. అక్షరాలు కూడబలుక్కొని చదివి, "మా మామయ్య పేరు కూడ గోవిందే" అన్నది.

నేను బల్లవద్ద కూర్చున్న ఉద్యోగి దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పినాను. ఆయన తమిళులు. ఓపికగా విని, లేచి వచ్చి, కళ్ళజోడు సవరించుకొని ఆ చిన్న అక్షరాలు చూచినారు. వెంటనే చీటీ తీసి కొత్తది వ్రాసినారు: పైన గోవిందు, క్రింద వైట్. ఇంగ్లీషులో ఒక వరుస, తమిళంలో ఒక వరుస. మూడవ వరుసకు చోటు వదలి, తనకు తెలుగు వ్రాయడం రాదని చెప్పి, కలం నా చేతికిచ్చినారు. నేను ఆ కలం ఆ పిల్ల చేతికిచ్చినాను. గో వ్రాసి, విం దగ్గర ఆగి, సున్న ముందా వెనుకా అని అడిగినది.